“అన్‌లిమిటెడ్ 5జీ” అని మెసేజ్, మధ్యాహ్నానికే డేటా ఖతం: తప్పు ఫోన్‌దా, ప్లాన్‌దా?

మానేరు_గట్టు (కొత్త సభ్యుడు), రాత్రి 9:12
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఊరు. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న, క్లాసులన్నీ ఫోన్లనే. దసరాకి 5జీ ఫోన్ కొన్న. షాపులో “దీంట్ల సిమ్ ఏస్తే డేటా అన్‌లిమిటెడ్ తమ్మీ, ఎంత వాడినా అయిపోదు” అన్నరు. ఫోన్ మీద 5జీ అని గుర్తు కూడా కనిపిస్తుంది. కానీ రోజూ మధ్యాహ్నం రెండు గంటలకల్లా “మీ రోజువారీ డేటా 100% వాడారు” అని మెసేజ్ వస్తుంది. అటెన్క వీడియో కాదు కదా, పీడీఎఫ్ కూడా తెరుచుకోదు. ప్లాన్ రోజుకు 1.5 జీబీది, 28 రోజులు. ఎవర్ని అడగాలె? ఫోన్ షాపోళ్లు నెట్‌వర్క్ మీదకు తోస్తరు, కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ మీదకు తోస్తరు.

చిట్టిబాబు_4జీ, రాత్రి 9:20
ఏ నెట్‌వర్కో చెప్పకుండా ఎలా చెప్తారండీ?

మానేరు_గట్టు, రాత్రి 9:23
కంపెనీ పేరు రాస్తే ఈడ కొట్లాట మొదలైతదని పాత చర్చలు చూసి తెలిసింది అన్నా. ఒకదానికి తాళం కూడా పడ్డది. అందుకే రాయలేదు.

సిగ్నల్_సుబ్బారావు (పాత సభ్యుడు), రాత్రి 9:41
మంచి పని చేశావు తమ్ముడూ. పేరు అక్కర్లేదు, “1.5 జీబీ” అన్నావు, జవాబు అందులోనే ఉంది.

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. ఉదాహరణకి జియోని తీసుకో: మొదట్లో రూ.239, ఆపైన రీఛార్జ్ ఉన్నవాళ్లందరికీ 5జీ డేటాకి లెక్క పెట్టలేదు. అప్పుడు 5జీ ఫోన్లు తక్కువ, టవర్లు ఖాళీ. 2024 జూలై 3న రేట్లు పెంచారు. రూ.239 ప్లాన్ రూ.299 అయింది, అదే రోజుకు 1.5 జీబీది. దానితోపాటు ఇంకో మార్పు కూడా చేశారు: అన్‌లిమిటెడ్ 5జీ ఇకమీదట రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే. జనం రేటు గురించి అరిచారు, ఈ రెండో మార్పు చాలామంది కంటికి ఆనలేదు. మీ షాపువాడు చెప్పింది జూలైకి ముందు అయితే నిజమే. అతను పాత పాట పాడాడు, అంతే.

నీ ఫోన్ 5జీ, మీ ఊళ్లో టవర్ 5జీ, ప్లాన్ మాత్రం కాదు. 5జీ గుర్తు వస్తుంది, స్పీడు కూడా వస్తుంది, ఆ స్పీడుతో నీ 1.5 జీబీ ఇంకా తొందరగా కరిగిపోతుంది. 300 ఎంబీపీఎస్ వస్తుంటే 1.5 జీబీకి 40 సెకన్లు చాలు.

మానేరు_గట్టు, రాత్రి 9:48
అంటే ఫోన్ కొన్నందుకు అన్‌లిమిటెడ్ రాదు, ప్లాన్ కొన్నందుకు కూడా రాదు, రెండూ కలిస్తేనే వస్తదన్నమాట.

సిగ్నల్_సుబ్బారావు, రాత్రి 9:52
మూడోది కూడా ఉంది, టవర్. దాని సంగతి రేపు చెప్తా, నిద్రొస్తోంది.

రౌటర్_రాజా, రాత్రి 10:05
బ్రో, రూ.51 ప్యాక్ వేసుకో. 1 జీబీ, 1.5 జీబీ ప్లాన్లవాళ్ల కోసమే జియో 2024 జూలైలో రూ.51, 101, 151 ప్యాకులు తెచ్చింది. 3, 6, 9 జీబీల 4జీ డేటా, దాంతోపాటు అన్‌లిమిటెడ్ 5జీ.

లెక్కల_లావణ్య, రాత్రి 10:31
ఆ ప్యాక్ సలహా ఇచ్చేముందు ఒకసారి కూడిక చేయండి. రూ.299కి రూ.51 కలిపితే 350. 2024 జూలై రేట్ల ప్రకారం జియోలో రోజుకు 2 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ రూ.349. అంటే రూపాయి ఎక్కువ పెట్టి తక్కువ కొంటున్నారు. ప్యాకులో వచ్చే అదనపు 4జీ డేటా 3 జీబీ. పెద్ద ప్లాన్‌లో రోజుకో అర జీబీ చొప్పున 28 రోజులకు 14 జీబీ అదనం. ఇప్పటికే రీఛార్జ్ చేసేశారు కాబట్టి ఈ నెలకు ప్యాక్ వేసుకోండి, వచ్చే నెల నుంచి నేరుగా 2 జీబీది తీసుకోండి.

చిట్టిబాబు_4జీ, రాత్రి 10:44
నాదొక ప్రశ్న. నేను కూడా అదే రూ.349 కడుతున్నాను. నా ఫోన్ 4జీ. బాగానే పనిచేస్తోంది, బ్యాటరీ కూడా మార్పించాను. నాకు 56 జీబీ, పక్కింటి కుర్రాడికి అదే డబ్బుకి అంతు లేదు. ఒకే టికెట్టు కొని ఒకరు ఏసీ బోగీలో, ఒకరు తలుపు దగ్గర నిలబడి వెళ్లినట్టుంది. ఇది న్యాయమేనా?

నియమాల_నాగమణి, రాత్రి 11:02
న్యాయం సంగతి పక్కన పెడితే, నిషేధం ఐతే లేదు. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనలు ఆపింది ఒక్కదాన్ని: మీరు చూసే విషయాన్ని బట్టి డేటాకి వేర్వేరు రేట్లు పెట్టడం. ఈ వెబ్‌సైట్ ఉచితం, ఆ వెబ్‌సైట్‌కి డబ్బులు అనకూడదు. కొన్ని వెబ్‌సైట్లే ఉచితంగా ఇచ్చిన ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ అలాగే ఆగిపోయింది. ఫోన్‌ని బట్టి, 4జీయా 5జీయా అన్నదాన్ని బట్టి తేడా చూపించడం ఆ నిబంధనల పరిధిలోకి రాదు. జియో కీప్యాడ్ ఫోన్‌లో మాత్రమే పనిచేసే జియోఫోన్ ప్లాన్లు ఏళ్ల తరబడి నడిచాయి కదా.

అంగడి_ఓబులేసు, ఉదయం 7:15
జియోఫోన్ పేరు ఎత్తినారు కాబట్టి నేను చెప్తా. అనంతపురంలో నాది ఫోన్ల అంగడి. ఫోన్‌కి డేటా ముడేసే యవ్వారం 5జీతో మొదలుకాలేదప్పా. 2016 ఎండాకాలం గుర్తుందా? జియో సిమ్ అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. రిలయన్స్ వాళ్ల లైఫ్ ఫోన్ కొంటేనే 90 రోజులు అన్‌లిమిటెడ్ 4జీ. తర్వాత శాంసంగ్, ఇంకొన్ని కంపెనీల ఫోన్లకి కూడా ఇచ్చినారు. మైజియో యాప్‌లో ఒక బార్‌కోడ్ వస్తాది, అది పట్టుకుని స్టోర్‌కి పోవల్ల, ఒక ఫోన్‌కి ఒకటే కోడ్. సిమ్ కోసం అక్కాబావల ఫోన్లు, పెదనాయన ఫోన్లు అన్నీ అడిగి తీసుకొచ్చేవాళ్లు. కోడ్ తీసుకుని ఫోన్ వాపస్ ఇచ్చేది!

సెప్టెంబర్ 5న అందరికీ తెరిచినారు. అప్పుడు కూడా “అన్‌లిమిటెడ్” అంటే రోజుకు 4 జీబీ, అది దాటితే 128 కేబీపీఎస్. 2017 జనవరి నుంచి రోజుకు 1 జీబీనే. పేరు మారలే.

ఇంక జియోఫోన్. 2017 జూలై 21న ప్రకటించినారు. రూ.1,500 డిపాజిట్, నెలకు రూ.153, మాటలు అన్‌లిమిటెడ్, డేటా కూడా అన్‌లిమిటెడ్ అనే చెప్పినారు. లెక్క చూస్తే రోజుకు 500 ఎంబీ. 2.4 అంగుళాల తెర మీద 500 ఎంబీ ఖర్చు పెట్టాలంటే కష్టమే కాబట్టి ఎవురూ పెద్దగా అడగలేదు. తెలివైనోళ్లు ఆ సిమ్ తీసి స్మార్ట్‌ఫోన్‌లో వేస్తే డేటా నడిచేది కాదు. అంగడికొచ్చి నాతో గొడవ! నేనేం చేసేది? ప్లాన్ ఆ ఫోన్‌ది, ఆ మనిషిది కాదు.

రౌటర్_రాజా, ఉదయం 9:30
సిమ్ ఏ ఫోన్‌లో ఉందో వాళ్లకెలా తెలుస్తుంది?

సిగ్నల్_సుబ్బారావు, ఉదయం 10:10
*#06# కొట్టు. 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. అందులో మొదటి 8 అంకెలు ఫోన్ మోడల్‌ని చెప్తాయి, ఒకే మోడల్ ఫోన్లన్నిటికీ అవి ఒకేలా ఉండొచ్చు. మిగతావి నీ ఫోన్‌ని ప్రత్యేకంగా గుర్తించడానికి. ఫోన్ టవర్‌కి హాజరు వేయించుకున్నప్పుడే ఈ నంబరు వెళ్తుంది. కాబట్టి సిమ్ స్మార్ట్‌ఫోన్‌లో ఉందా, కీప్యాడ్ ఫోన్‌లో ఉందా, రౌటర్‌లో ఉందా అన్నది నెట్‌వర్క్‌కి క్షణంలో తెలుస్తుంది.

ఇప్పుడు రాత్రి చెప్పని మూడో సంగతి, టవర్. మానేరు తమ్ముడూ, ఇది నీ కోసమే, ప్లాన్ మార్చాక కూడా నువ్వు మళ్లీ ఇక్కడికొచ్చి “ఇంకా కట్ అవుతోంది” అంటావని ముందే చెప్తున్నా.

అన్‌లిమిటెడ్ అన్నది 5జీ మీద వెళ్లిన డేటాకే. ఫోన్ 4జీకి దిగిన క్షణం నుంచి రోజువారీ కోటా కరుగుతుంది. దిగినట్టు ఫోన్ నీకు చెప్పదు. కొన్ని చోట్ల 5జీ గుర్తు చూపిస్తూనే డేటా 4జీ మీద నడిపిస్తుంది. ఎందుకంటే ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన పద్ధతి ఎన్ఎస్ఏ. అందులో 5జీ ఒంటరిగా నిలబడదు, 4జీ టవర్ చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఆ 4జీ టవర్ “నా దగ్గర 5జీ కూడా ఉంది” అని చెప్పగానే ఫోన్ గుర్తు వెలిగించేస్తుంది. నీ డేటా నిజంగా దాని మీద వెళ్తోందా అంటే, వెళ్లకపోవచ్చు.

జియోది ఎస్ఏ, 5జీ సొంత కాళ్ల మీద ఉంటుంది. పైగా 2022 స్పెక్ట్రమ్ వేలంలో దేశమంతా 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కొన్నది వాళ్లే. 3500 దగ్గర ఉండే తరంగం గోడలు దాటడానికి ఆయాసపడుతుంది, 700 తేలిగ్గా దూరుతుంది, అయితే స్పీడు తక్కువ. కాబట్టి ఇంట్లో ఏ మూల కూర్చున్నావన్నది కూడా నీ ప్లాన్‌లో భాగమే.

ఇంకో చిన్న సంగతి: బ్యాటరీ సేవర్ వేస్తే చాలా ఫోన్లు 5జీని పక్కన పెట్టేస్తాయి. మధ్యాహ్నానికి బ్యాటరీ తగ్గి సేవర్ దానంతటదే ఆన్ అయితే, అక్కడి నుంచి 4జీనే.

లెక్కల_లావణ్య, ఉదయం 10:26
ఫోన్ కొనేముందు చూడాల్సింది ఇదే. డబ్బా మీద “5జీ” అని రాసి ఉంటే సరిపోదు. 2024 నవంబర్‌లో రూ.8,499కి వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఎస్ఏ మీద మాత్రమే నడుస్తుంది, ఎన్ఎస్ఏ లేదు. అంటే జియోలో 5జీ వస్తుంది, ఎయిర్‌టెల్ ఎన్ఎస్ఏ 5జీ రాదు. కంపెనీ దాచలేదు, వివరాల్లోనే రాసింది. కానీ తొమ్మిది వేల లోపు ఫోన్ కొనే మనిషికి ఎస్ఏ, ఎన్ఎస్ఏ అంటే ఏంటో ఎవరు చెప్తారు?

అంగడి_ఓబులేసు, ఉదయం 10:40
నేను చెప్తా మేడమ్. నా అంగట్లో మొదట అడిగేది “ఏ సిమ్?” అనే. ఖరీదైన ఫోన్ అయినా ఈ తిప్పలు తప్పలేదులే. 2022లో లక్ష పెట్టి ఐఫోన్ కొన్నోళ్లకి కూడా డిసెంబర్‌లో 16.2 అప్‌డేట్ వచ్చేదాకా 5జీ రాలేదు. పిక్సెల్ వాళ్లకైతే 2023 మార్చి. ఫోన్‌లో సరుకు ఉంది, తాళం తీయలేదంతే.

చిట్టిబాబు_4జీ, ఉదయం 11:05
సుబ్బారావు గారూ, నా ప్రశ్నకి జవాబు రాలేదు. నా 4జీ ఫోన్ చేసిన పాపమేంటి?

సిగ్నల్_సుబ్బారావు, మధ్యాహ్నం 12:20
పాపం ఏమీ లేదు చిట్టిబాబు గారూ. మీరున్న 4జీ కిక్కిరిసిపోయింది. 5జీ మీద వేల కోట్లు పోశారు, అక్కడ చోటు ఖాళీగా ఉంది. ఒక జీబీ మోయడానికి కంపెనీకి అయ్యే ఖర్చు కూడా అక్కడ తక్కువ. కాబట్టి జనాన్ని 4జీ నుంచి 5జీకి తోలడానికి అన్‌లిమిటెడ్ అనే ఎర వేశారు. మీరు కొత్త ఫోన్ కొనేదాకా తోస్తూనే ఉంటారు. అందరూ అటు వెళ్లి అది కూడా నిండాక ఈ అన్‌లిమిటెడ్ ఉంటుందా అంటే, నాకు నమ్మకం లేదు. ఇది నా అభిప్రాయం, ఎవరూ నాకు చెప్పలేదు. జూలైలో రూ.299 వాళ్లని దింపేయడం మొదటి మెట్టు అనుకుంటున్నా.

ఫ్రిస్కో_పద్మ, మధ్యాహ్నం 1:15
అందరికీ నమస్కారమండీ. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, కానీ సుబ్బారావు గారి చివరి వాక్యం చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మీరు ఊహిస్తున్నది అమెరికాలో ఒకసారి మొత్తం జరిగిపోయింది.

2007 జూన్ 29న మొదటి ఐఫోన్ వచ్చింది. ఏటీ అండ్ టీ అనే నెట్‌వర్క్ కంపెనీ దగ్గర మాత్రమే దొరికేది. దానికి నెలకు 20 డాలర్ల అన్‌లిమిటెడ్ డేటా. ఎందుకిచ్చారంటే ఇవ్వడానికి వాళ్లకేం ఖర్చు కాలేదు! ఆ ఫోన్‌కి 3జీ కూడా లేదు, ఎడ్జ్ అనే పాత 2జీ పద్ధతి మీద నడిచేది. యాప్ స్టోర్ లేదు, హాట్‌స్పాట్ లేదు. రోజంతా కూర్చుని లాగినా ఎంతని లాగుతారు? ఓబులేసు గారు చెప్పిన 2.4 అంగుళాల తెర సంగతే ఇది కూడా. 2008లో ఐఫోన్ 3జీ వచ్చింది, డేటా 30 డాలర్లయింది. అదే ఏడాది యాప్ స్టోర్ తెరిచారు. వాడకం పెరిగి నెట్‌వర్క్ మూలగడం మొదలుపెట్టింది. 2010 జూన్ 7 నుంచి కొత్తవాళ్లకి అన్‌లిమిటెడ్ ఆపేశారు: 25 డాలర్లకి 2 జీబీ, 15 డాలర్లకి 200 ఎంబీ. హాట్‌స్పాట్ కావాలంటే ఇంకో 20. పాతవాళ్లు మాత్రం ఉంచుకోవచ్చన్నారు.

అసలు కథ ఆ పాతవాళ్లది. ప్లాన్ పేరు మారలేదు, బిల్లు మారలేదు, 2011 అక్టోబర్ నుంచి ఎక్కువ వాడే 5 శాతం మందికి స్పీడు తగ్గించడం మొదలెట్టారు. ఎంత వాడితే ఆ 5 శాతంలోకి వస్తారో ఎవరికీ ముందు తెలియదు. గొడవయ్యాక 2012 మార్చిలో గీత గీశారు: 3జీ ఫోన్ అయితే 3 జీబీ, ఎల్‌టీఈ (4జీ) ఫోన్ అయితే 5 జీబీ. ఒకే ప్లాన్, ఒకే 30 డాలర్లు, చేతిలో ఉన్న ఫోన్‌ని బట్టి వేరే గీత. విచిత్రం ఏంటంటే అప్పటికి కొత్తవాళ్లకి 3 జీబీ ప్లాన్ కూడా 30 డాలర్లే.

అదే ఏడాది ఐఫోన్ వీడియో కాల్ ఫేస్‌టైమ్ మొబైల్ డేటా మీద పనిచేయడం మొదలైంది. అన్‌లిమిటెడ్ వాళ్లకి అది ఇవ్వలేదు, కొత్త షేరింగ్ ప్లాన్‌కి మారితేనే అన్నారు. మాకు ఇండియాలో అమ్మానాన్నలతో మాట్లాడటానికి అదే ఆధారం కాబట్టి ఆ వార్త మన వాళ్ల ఇళ్లలో బాగా తిరిగింది.

నియమాల_నాగమణి, మధ్యాహ్నం 1:40
కోర్టుకి ఎవరూ వెళ్లలేదా పద్మగారూ?

ఫ్రిస్కో_పద్మ, మధ్యాహ్నం 1:58
వెళ్లారు, కానీ అందరూ కలిసి వెళ్లడానికి లేదు. 2011 ఏప్రిల్‌లో ఇక్కడి సుప్రీంకోర్టు, ఇదే కంపెనీ కేసులో, ఒప్పందంలో మధ్యవర్తిత్వం అని రాసి ఉంటే క్లాస్ యాక్షన్, అంటే అందరి తరఫున వేసే ఒకే కేసు, అడ్డుకోవచ్చని చెప్పేసింది. మిగిలింది చిన్న మొత్తాల కోర్టు. 2012 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఒక ఐఫోన్ వినియోగదారుడు లాయర్ లేకుండా ఒక్కడే వెళ్లి 850 డాలర్లు గెలిచాడు. అప్పట్లో పెద్ద వార్త.

తర్వాత 2014 అక్టోబర్‌లో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. కనీసం 35 లక్షల మందికి, 2.5 కోట్లకు పైగా సార్లు స్పీడు తగ్గించారని, కొందరికి 80, 90 శాతం దాకా పడిపోయిందని ఫిర్యాదులో రాసింది. ఈ కమిషన్‌కి అసలు అడిగే హక్కుందా అన్నదాని మీదే 2018 దాకా వాదించుకున్నారు. 2019 నవంబర్‌లో 6 కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. అన్‌లిమిటెడ్ అని ప్రకటన ఇస్తే పరిమితులు కూడా కనిపించేలా చెప్పాలన్నది అందులో షరతు. డబ్బు మాటకొస్తే, ఆ సొమ్మును 35 లక్షల మందికి పంచి చూడండి, తలకి 17 డాలర్లు కూడా రావు.

లెక్కల_లావణ్య, మధ్యాహ్నం 2:10
చూశాను. 17.14. వచ్చాయి, కానీ పాప్‌కార్న్‌తో సహా ఒక సినిమా, అంతే 🙂

ఫ్రిస్కో_పద్మ, మధ్యాహ్నం 2:12
లెక్కల విషయంలో మీ ముందు నోరు తెరవకూడదు. ఇక పడుకుంటానండీ.

రౌటర్_రాజా, సాయంత్రం 4:30
నా కేసు వినండి. కూకట్‌పల్లిలో రూమ్, నలుగురం, అందరం ఇంటి నుంచే పని. ఫోన్‌లో 5జీ బ్రహ్మాండంగా వస్తోంది. ఆ సిమ్ తీసి 5జీ రౌటర్‌లో పెడితే బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు మిగులుతుందనుకున్నాం. రౌటర్‌లో పెట్టగానే అన్‌లిమిటెడ్ పోయింది. సుబ్బారావు గారు చెప్పాక అర్థమైంది, ఐఎంఈఐ చూసి పట్టేశారు. ఆ రౌటర్‌కి నా ఫోన్ ఐఎంఈఐ ఎక్కించే మార్గం యూట్యూబ్‌లో ఉంది. దాని లింక్: [తొలగించబడింది]

వేదిక_నిర్వాహకుడు, సాయంత్రం 4:38
లింక్ తీసేశాను. రాజా గారూ, ఇది హెచ్చరిక కాదు, సమాచారం: ఐఎంఈఐ లాంటి గుర్తింపును మార్చడం టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023, సెక్షన్ 42 కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నెలకు ఐదారు వందల బ్రాడ్‌బ్యాండ్ బిల్లు తప్పించుకోవడానికి ఇది అవసరమా? చర్చ కొనసాగించండి.

సిగ్నల్_సుబ్బారావు, సాయంత్రం 5:15
రాజా, వాళ్ల లెక్క కూడా ఒకసారి విను, వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవట్లేదు. ఫోన్‌కి అన్‌లిమిటెడ్ ఇవ్వగలిగేది ఎందుకంటే ఒక మనిషి, ఒక తెర, కాసేపటికి కళ్లు మూసుకుంటాడు. రౌటర్ కళ్లు మూసుకోదు. నలుగురు, రెండు టీవీలు, సీసీ కెమెరా. అందుకే ఇళ్లకిచ్చే దానికి వేరే పేరు, వేరే ధర, వేరే పరిమితి. 2023 సెప్టెంబర్ 19న హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో మొదలైన జియో ఎయిర్‌ఫైబర్ కూడా అన్‌లిమిటెడే, నెలకు 1000 జీబీ దాకా. తీగ మీద వచ్చే జియోఫైబర్‌కి 3300 జీబీ.

ఫోన్‌కి కూడా అంతు లేదనుకోకండి. ఎయిర్‌టెల్ తన 5జీ నిబంధనల్లో 30 రోజుల్లో 300 జీబీ దాటితే వాణిజ్య వాడకంగా చూస్తామని రాసుకుంది. 300 జీబీ అంటే రోజుకు 10. మామూలు మనిషికి చాలా ఎక్కువ. కానీ వాళ్లు ప్రకటనల్లో చూపించే స్పీడ్లు ఉన్నాయే, 300 ఎంబీపీఎస్ అనుకో, ఆ స్పీడులో ఆపకుండా లాగితే 300 జీబీ 2 గంటల 13 నిమిషాల్లో అయిపోతుంది. నెల మొత్తానికి అంత అన్నమాట.

చిట్టిబాబు_4జీ, సాయంత్రం 5:22
మా సంగతి ఇంకా బాగుంది. కోటా అయ్యాక “అన్‌లిమిటెడ్ డేటా 64 కేబీపీఎస్ వద్ద” అంటారు. 64 కేబీపీఎస్‌లో 1 జీబీ దిగాలంటే లెక్క చెప్పండి లావణ్యగారూ.

లెక్కల_లావణ్య, సాయంత్రం 5:25
దాదాపు 35 గంటలు. మధ్యలో ఒక్కసారి కూడా తెగకపోతే.

నియమాల_నాగమణి, సాయంత్రం 6:00
మానేరు గారికి ఒక మాట. షాపులో నోటిమాటగా చెప్పింది మీరు రుజువు చేయలేరు, దాని వెంట పడి లాభం లేదు. కానీ నెట్‌వర్క్ నుంచి “మీకు అన్‌లిమిటెడ్ 5జీ” అని మెసేజ్ వచ్చి ఉంటే, అది ఏ తేదీన వచ్చిందో, అప్పుడు ఏ ప్లాన్‌లో ఉన్నారో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు మాట్లాడి పెట్టేయకండి, ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు అడగండి. అది లేకపోతే తర్వాతి మెట్టు లేదు. వాళ్ల జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీల్ అథారిటీ ఉంటుంది. ట్రాయ్‌కి రాస్తాను అంటారు చాలామంది, ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీర్చదు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లొచ్చు. టెలికాం గొడవలు అక్కడ నడవవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు నడుస్తాయని చెప్పింది. రూ.299 కోసం వెళ్తారా అన్నది మీ ఇష్టం. నేనైతే మొదట ప్లాన్ మార్చి చదువు సంగతి చూసుకోమంటాను.

మానేరు_గట్టు, మరుసటి రోజు రాత్రి 8:50
అందరికీ థాంక్స్. ప్యాక్ వేసిన. సుబ్బారావు అన్న చెప్పినట్టే అయింది, వేసినంక కూడా కొంత కట్ అయింది! నెట్‌వర్క్ యాప్‌ల మిగిలిన కోటా చూసి, ఒక క్లాస్ నడిపి, మళ్లా చూసిన. మా నడిమి అర్ర పాత మట్టిగోడలది, మందం ఎక్కువ. అండ్ల కూసుంటే కోటా తగ్గుతుంది. వాకిట్ల కూసుంటే ఒక్క ఎంబీ కూడా తగ్గలే. బ్యాటరీ సేవర్ 30 శాతానికి దానంతటదే ఆన్ అయ్యేటట్టు ఉండె, తీసేసిన.

ఇప్పుడు పొద్దున వాకిట్ల కూసుని ఆ రోజు క్లాసులన్నీ డౌన్‌లోడ్ పెట్టుకుంటున్న, అటెన్క లోపల చూసుకుంటున్న. స్క్రీన్‌షాట్ తీసిన నాగమణి మేడమ్, మెసేజ్ 2024 మేలది. అప్పుడు పాత ప్లాన్‌లోనే ఉన్న, ఫోన్ కూడా మా అన్నది. అంటే అప్పుడది నిజమే.

రౌటర్_రాజా, రాత్రి 9:05
బ్రో, సెట్టింగ్స్‌లో 5జీ మాత్రమే అని పెట్టేయొచ్చు, 4జీకి దిగనే దిగదు. *#*#4636#*#* కొడితే ఆ మెనూ వస్తుంది, ఎన్ఆర్ ఓన్లీ (ఎన్ఆర్ అంటే 5జీనే) అని ఉంటుంది. ఇది నేరం కాదు కదా నిర్వాహకుడు గారూ?

సిగ్నల్_సుబ్బారావు, రాత్రి 9:18
నేరం కాదు, కానీ తెలిసి వాడాలి. ఎన్ఎస్ఏ నెట్‌వర్క్‌లో అలా పెడితే అసలు సిగ్నలే ఉండదు, 4జీ చెయ్యి వదిలించేశావు కదా. ఎస్ఏలో డేటా నడుస్తుంది, అయితే 5జీ మీద కాల్ నడిచే సదుపాయం ఆ ఫోన్‌కీ ఆ చోటుకీ లేకపోతే ఫోన్లు రావు. అన్ని ఫోన్లలో ఆ మెనూ తెరుచుకోదు కూడా. పెట్టావంటే క్లాసులు దిగేదాకా ఉంచి మళ్లీ ఆటోకి మార్చు తమ్ముడూ, ఇంట్లో వాళ్లు ఫోన్ చేస్తే తగలకపోతే కంగారు పడతారు.

మానేరు_గట్టు, రాత్రి 9:30
సరే అన్నా. ఆఖరిది ఒకటి. అమ్మకి కీప్యాడ్ ఫోన్ కొందామనుకుంటున్న, ఆ జియోభారత్ ఫోన్‌కి రూ.123 ప్లాన్ ఉందంట, 28 రోజులు. ఓబులేసు అన్నా, ఆ సిమ్ రీఛార్జ్ చేసి నా పాత 4జీ ఫోన్‌ల ఏసి అమ్మకిస్తే? తెర పెద్దగ ఉంటది, కండ్లకు మంచిగుంటది.

అంగడి_ఓబులేసు, రాత్రి 9:47
నడవదు నాయనా. రూ.123కి 14 జీబీ, కాల్స్ అన్‌లిమిటెడ్, అంతా ఆ ఫోన్‌లో ఉన్నప్పుడే. పాత ఫోన్ ఇవ్వాలనుకుంటే మామూలు రీఛార్జ్ చేయించు. అమ్మ మాట్లాడేదానికే అయితే డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా పెట్టమని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పింది, అవి కూడా చూసుకో. అమ్మ వాట్సాప్‌లో వీడియో కాల్ అడుగుతాదా, అడగదా? అది చెప్పు, దాన్ని బట్టి ఏది కొనాలో చెప్తా.

మానేరు_గట్టు, రాత్రి 9:52
అడుగుతది. మా అక్క షార్జాల ఉంటది.

అంగడి_ఓబులేసు, రాత్రి 9:55
అట్లయితే కీప్యాడ్ వద్దు. నీ పాత ఫోనే ఇయ్యి, రోజుకు 1 జీబీ ఉండేది చూసి వేయించు.